నీ ఫోర్డ్ వ్యాసం చదివాక

చిరంజీవికి ఆశీస్సులు.

కార్ల కంపెనీ హెన్రీ ఫోర్డ్ నడిపిన పత్రిక మీద నీ వ్యాసం అందింది. తెర మీద చదివితే నాకు తప్పులు కనబడవు, అందుకని ప్రింటు తీయించుకుని పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. "బాగుందో లేదో ఒక్క ముక్క చెప్పండి చాలు మాస్టారూ" అన్నావు. ఒక్క ముక్కే అయితే ఫోన్లో చెప్పేసేవాణ్ని. నువ్వు ఎంచుకున్న విషయం గట్టిది, పట్టుకున్న కొసే తప్పు. అందుకే ఇంత ఉత్తరం.

గట్టిదని ఎందుకంటున్నానంటే, డిట్రాయిట్ చుట్టుపక్కల నువ్వుండే నోవై, ఆ పక్కన కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్, అక్కడి మనవాళ్లలో చాలామంది కార్ల కంపెనీల జీతాలతోనే ఇళ్లు కొనుక్కున్నారు. ఊరినుంచి అమ్మానాన్నలు వస్తే డియర్‌బార్న్ తీసుకెళ్లి ఫోర్డ్ మ్యూజియం చూపిస్తారు, పాత కారు పక్కన నిలబెట్టి ఫొటోలు తీస్తారు. ఆ కారు చేసినాయనే ఒక వారపత్రిక కొని, అందులో యూదుల మీద వారం వారం బురద చల్లించాడన్న సంగతి మన ఇళ్లలో పెద్దగా ఎవరూ మాట్లాడుకోరు. నువ్వు మాట్లాడదామనుకున్నావు. సంతోషం.

ఇక కోత. నీ మొదటి పేజీన్నర మొత్తం అచ్చుయంత్రం మీదే నడిచింది. "ఉక్కు కోరల రాక్షసి", "సిరా తాగి విషం కక్కిన యంత్రం", ఇంకా ఏవేవో. అదంతా తీసెయ్. యంత్రానికి ఏం తెలుసమ్మా? నేను పెరిగిన వీధిలో కాలితో తొక్కి నడిపే ఒక ట్రెడిల్ ప్రెస్సు ఉండేది. పొద్దున పెళ్లి శుభలేఖలు, మధ్యాహ్నం సినిమా కరపత్రాలు, ఎలక్షన్లొస్తే రెండు పార్టీలవాళ్లూ ఒకరినొకరు తిట్టుకునే నోటీసులు, అన్నీ ఆ ఒక్క మెషిన్ మీదే. కంపోజిటరూ ఒకడే, సీసం అక్షరాల కేసూ ఒకటే. యంత్రాన్ని రాక్షసిని చేస్తే పాఠకుడికి భయం వేస్తుంది, ఆ భయంలో రాసినవాడు తప్పించుకుంటాడు.

యంత్రం గురించి చెప్పాల్సిన అసలు ముక్కని మాత్రం నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. ఫోర్డ్ కొన్నది సెకండ్ హ్యాండ్ ప్రెస్సు. ప్రపంచంలో అంత వేగంగా కార్లు చేసే అసెంబ్లీ లైను పెట్టినవాడు, అమెరికాలోకెల్లా పెద్ద కోటీశ్వరుల్లో ఒకడు, తన పత్రికకి పాత మెషిన్ కొని, బాగు చేయించి, డియర్‌బార్న్‌లోని తన ట్రాక్టర్ల కర్మాగారంలోనే పెట్టించాడు. ట్రాక్టర్లు తయారయ్యే చోటే పత్రికా తయారైందన్నమాట. ఈ ఒక్క వివరం నీ రాక్షసి వర్ణన అంతటికన్నా బరువైనది. పత్రికని ఆయన ఎలా చూశాడో అందులోనే ఉంది: ఇది కూడా తన కర్మాగారంలో తయారయ్యే ఒక సరుకు.

ఇంకొకటి కూడా వదిలేశావు. పాత కట్టడాలు తెచ్చి ఫోర్డ్ డియర్‌బార్న్‌లో కట్టించుకున్న గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో స్మిత్స్ క్రీక్ అనే పాత రైల్వే డిపో చూశానని మెయిల్లో రాశావు, వ్యాసంలో లేదు. ఎడిసన్ పదిహేనేళ్ల కుర్రాడిగా ఉన్నప్పుడు, 1862లో, పోర్ట్ హ్యూరాన్ నుంచి డిట్రాయిట్ వెళ్లే రైల్లో, సామాన్ల పెట్టెలో చిన్న ప్రెస్సు పెట్టుకుని వారపత్రిక అచ్చు వేసి ప్రయాణికులకి అమ్మాడు. ఆ లైన్లోని డిపోనే ఫోర్డ్ కొని, విప్పించి, తన పల్లెలో మళ్లీ కట్టించుకున్నాడు. 1929 అక్టోబరులో ఎడిసన్‌నీ, అధ్యక్షుడు హూవర్‌నీ పాతకాలపు రైల్లో అక్కడికి తీసుకొచ్చి పండగ చేశాడు. ఒక కుర్రాడి బుల్లి ప్రెస్సు కథ మీద అంత మమకారం ఉన్నవాడు, తన సొంత పత్రికని అంతకు రెండేళ్ల ముందే మూసుకున్నాడు, అదీ కోర్టు దెబ్బకి. నీ వ్యాసానికి ఎత్తుగడ అక్కడుంది. వాడుకుంటావో లేదో నీ ఇష్టం.

పత్రిక ఎందుకు కొన్నాడన్నది నువ్వు "అహంకారంతో" అని తేల్చేశావు. అహంకారం ఉండే ఉంటుంది, కానీ ఆ మాట ఏమీ చెప్పదు. 1918 నవంబరులో ఫోర్డ్ మిషిగన్ నుంచి సెనేట్‌కి పోటీ చేసి కొద్ది తేడాతో ఓడిపోయాడు. అంతకు ముందు 1915లో మొదటి ప్రపంచయుద్ధం ఆపుతానని ఓడ వేసుకుని యూరప్ బయల్దేరితే పేపర్లవాళ్లు ఆట పట్టించారు. 'చికాగో ట్రిబ్యూన్' తనని అరాచకవాది అని రాసిందని పరువునష్టం దావా వేశాడు. 1919లో అది విచారణకొచ్చినప్పుడు బోనులో నిలబెట్టి అమెరికా చరిత్ర మీద ప్రశ్నలడిగారు, పాపం సరిగ్గా చెప్పలేకపోయాడు. దావా గెలిచాడు. జ్యూరీ ఇప్పించిన నష్టపరిహారం ఆరు సెంట్లు! ఆ విచారణ పత్రిక చేపట్టాక జరిగిందే, కానీ పేపర్లన్నీ తన మీద కక్షగట్టాయని ఆయనకి అంతకు ముందే గట్టిగా నాటుకుపోయింది. డియర్‌బార్న్‌లో నీరసంగా నడుస్తున్న ఒక చిన్న స్థానిక వారపత్రిక, 'డియర్‌బార్న్ ఇండిపెండెంట్', దాన్ని కొన్నాడు. 1919 జనవరి 11న ఆయన పేరు మీద మొదటి సంచిక వచ్చింది. ఈ వరస చెబితే అహంకారం అన్న మాట నువ్వు అనక్కర్లేదు, పాఠకుడే అనుకుంటాడు.

ఇప్పుడు అసలు సంగతి. నీ వ్యాసంలో హెన్రీ ఫోర్డ్ ఉన్నాడు, యంత్రం ఉంది, చివర్లో హిట్లర్ ఉన్నాడు. ఆ వ్యాసాలు రాసిన మనిషి లేడు! రచయితవి కావాలనుకుంటున్నావు కదా, నువ్వు మొదట వెతకాల్సింది ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని.

ఆ కుర్చీలో ఇద్దరు కూర్చున్నారు. మొదటివాడు ఎడ్విన్ పిప్. 'డిట్రాయిట్ న్యూస్'లో ఎడిటర్‌గా పేరున్నవాడు, ఫోర్డ్ పిలిస్తే వచ్చాడు. మొదటి ఏడాది పత్రిక చప్పగానే నడిచింది. నానాజాతి సమితి మీద, మద్యనిషేధం మీద, కార్మికుల మీద వ్యాసాలు, కాస్త కథలు, కాస్త కవిత్వం, 'ఫోర్డ్ గారి సొంత పేజీ' అని ఒకటి. సర్క్యులేషన్ పెరగలేదు. ఏదో ఒక చెడుని పట్టుకుని వదలకుండా వెంటాడితే పత్రిక నిలబడుతుందని ఒక అనుభవమున్న విలేఖరి సలహా ఇచ్చాడు. ఆ 'చెడు' ఏదో ఫోర్డ్ మనసులో అప్పటికే ఉంది. యూదుల మీద వరస వ్యాసాలు మొదలుపెడుతున్నారని తెలిసి, 1920 ఏప్రిల్లో పిప్ రాజీనామా చేశాడు. చేసి ఊరుకోలేదు. సొంతంగా 'పిప్స్ వీక్లీ' పెట్టుకుని, ఫోర్డ్ పత్రిక రాసేవాటికి అదే ఊళ్లో కూర్చుని జవాబులు రాశాడు.

రెండోవాడు విలియం కామెరాన్. ఇతనూ 'డిట్రాయిట్ న్యూస్' నుంచి వచ్చినవాడే. కెనడాలో పుట్టాడు, ఒకప్పుడు పల్లెటూరి చర్చిలో ప్రసంగాలు చేశాడు, బాగా చదువుకున్నాడు, కలం పడితే నీళ్లలా రాస్తాడు. 'ఫోర్డ్ గారి సొంత పేజీ' కూడా నిజానికి ఇతని చేతి పనే. ఫోర్డ్ అక్కడో మాట ఇక్కడో మాట విసిరితే, ఇతను దాన్ని వ్యాసంగా అల్లేవాడు. పిప్ వెళ్లిపోయాక ఎడిటర్ కుర్చీ ఇతనికొచ్చింది. మొదట్లో అతనికీ ఆ పని ఇష్టం లేదంటారు. ఇష్టం లేకపోయినా రాశాడు, బాగానే రాశాడు. దిక్కుమాలినవాడు రాసుంటే ఆ పత్రిక ఊరు దాటేది కాదు.

నేను పనిచేసిన ఒక జిల్లా పత్రికలో (పేరెందుకులే) యజమానికి ఒక వ్యాపార వర్గంతో తగాదా వచ్చింది. వాళ్ల మీద సీరియల్‌గా రాయమన్నాడు. హెడ్డింగులు పెట్టడంలో ఆఫీసు మొత్తానికి మొనగాడైన సబ్‌ఎడిటర్‌కి అప్పగించాడు. "నేను రాయకపోతే ఇంకోడు రాస్తాడు కదండీ, వాడు ఇంకా దరిద్రంగా రాస్తాడు" అనేవాడు ఆయన, టీ తాగుతూ. కామెరాన్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. భాష మీద ఆయనకున్న పట్టు ఆ జిల్లాలో ఇంకెవరికీ ఉండేది కాదు.

పిప్, కామెరాన్ ఒకే పేపరు నుంచి వచ్చారు, ఒకే యజమాని దగ్గర జీతం తీసుకున్నారు. నీ వ్యాసానికి నడుము ఈ ఇద్దరే. ఫోర్డ్ గురించి ఎవరైనా రాస్తారు.

కామెరాన్ ఎలా రాశాడో కూడా చూపించాలి నువ్వు. "విషం చిమ్మాడు" అంటే ఎలా చిమ్మాడో తెలియదు. 1920 మే 22 సంచిక మొదటి పేజీ బొమ్మ నీ దగ్గరుంది కదా, దాన్ని ముందు పెట్టుకుని చూడు. పైన 'ఫోర్డ్ అంతర్జాతీయ వారపత్రిక' అని. ఏడాదికి ఒక డాలరు, విడి ప్రతి అయిదు సెంట్లు. కింద పెద్దక్షరాల్లో శీర్షిక: అంతర్జాతీయ యూదుడు, ప్రపంచ సమస్య. రాసినవాడి పేరు లేదు. పదహారు పేజీలు తిరగేసినా ఒక్క ప్రకటన కనబడదు. ఈ రెండు లేకపోవడాల గురించీ ఒక పేరా రాయి. పేరు లేదు కాబట్టి ఎవడూ జవాబుదారీ కాదు, అది పత్రిక గొంతు, అంటే లోకం గొంతు. ప్రకటనలు లేవు కాబట్టి ఏ వ్యాపారీ అలిగి డబ్బు ఆపేస్తాడన్న టెన్షన్ లేదు, నష్టమంతా ఒక్క మనిషి జేబులోంచి పోతుంది. మామూలు పత్రికని ఎంతో కొంత అదుపులో పెట్టే తాళ్లు రెండూ ముందే తెంపేశారు.

లోపలి రాత ఇంకా తెలివైనది. అరుపులు, బూతులు ఉండవు. ఏదో పరిశోధన చేసి, బాధతో, తప్పనిసరై చెబుతున్నట్టు సాగుతుంది. వాళ్లలో మంచివాళ్లు ఉన్నారని ముందే ఒప్పుకుంటుంది, ఆ మంచివాళ్లే తమవాళ్లని సరిదిద్దుకోవాలని హితవు చెబుతుంది. మేం ప్రశ్నలే అడుగుతున్నాం అంటుంది. యూదులు నిరసన తెలిపితే, చూశారా ఎంత సంఘటితంగా ఉన్నారో అంటుంది. ఊరుకుంటే, జవాబు లేదు కాబట్టే ఊరుకున్నారంటుంది. వారం వారం కొత్త వస్తువు: బ్యాంకులు, సినిమాలు, నాటకాలు, జాజ్ సంగీతం, చివరికి బేస్‌బాల్ పందేలు. ఏడాదిన్నరకు పైగా ఆపకుండా నడిచింది. ఏ ఒక్క వ్యాసమూ పూర్తిగా నమ్మించక్కర్లేదు. అన్నిచోట్లా వాళ్లే ఉన్నారన్న అనుమానం మిగిలితే చాలు. మన ఫోన్లలోకి వచ్చే "ఆలోచించండి, పది మందికి పంపండి" మెసేజిల్లో నీకు ఈ నడక తెలియనిదేం కాదు. ఆ పోలిక మాత్రం వ్యాసంలో పెట్టకు. నువ్వు పెడితే నీ పక్షం కానివాడు అక్కడే చదవడం ఆపేస్తాడు. నడక సరిగ్గా చూపిస్తే వాడే గుర్తుపడతాడు.

ఆ వ్యాసాల్లోంచి నువ్వు పెద్ద పెద్ద పేరాలు అనువాదం చేసి పెట్టావు. వాటినీ తగ్గించు. నీ తెలుగు బాగుంటుంది, అదే ఇక్కడ ఇబ్బంది. కామెరాన్ వాక్యాలు నీ తెలుగులో ఇంకా నున్నగా వచ్చాయి. నెట్‌లో ఎవడో ఆ ఒక్క పేరా కత్తిరించి నీ పేరుతోనే తిప్పుతాడు. సారాంశం నీ మాటల్లో చెప్పు, తప్పనిసరైన చోట అరవాక్యం ఉదహరించు, ఆ అరవాక్యం పక్కనే అది ఎందుకు అబద్ధమో ఉండాలి. తర్వాతి పేజీలో కాదు, అక్కడే.

దీనికి మంచి నమూనా ఆ కథలోనే ఉంది. 1920 వేసవిలో 'జియాన్ పెద్దల ప్రోటోకాల్స్' అనే కాగితాలు ఫోర్డ్ మనుషుల చేతికొచ్చాయి. యూదుల పెద్దలు ప్రపంచాన్ని లొంగదీసుకోవడానికి రహస్యంగా వేసుకున్న పథకమట. పత్రిక దాన్ని పట్టుకుని వారాల తరబడి దంచింది. నువ్వు దాని ప్రస్తావన మొదటిసారి తెచ్చినచోట "వివాదాస్పద పత్రం" అని రాశావు. వివాదం ఏముందమ్మా అందులో? అది ఫోర్జరీ. మొదటిసారి పేరెత్తినప్పుడే ఆ మాట ఉండాలి.

1921 ఆగస్టులో లండన్ 'టైమ్స్' విలేఖరి ఫిలిప్ గ్రేవ్స్, కాన్‌స్టాంటినోపుల్‌లో ఉండగా, దాని గుట్టు బయటపెట్టాడు. 1864లో మోరీస్ జోలీ అనే ఫ్రెంచి రచయిత ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్‌ని వెక్కిరిస్తూ ఒక సంభాషణ రాశాడు, పాతకాలపు రాజనీతి రచయితలు మాకియవెలీ, మాంటెస్క్యూ నరకంలో మాట్లాడుకున్నట్టు. అందులో యూదుల ఊసే లేదు. ప్రోటోకాల్స్‌లో పేరాలకు పేరాలు దాంట్లోంచి ఎత్తి రాసినవే. గ్రేవ్స్ ఏం చేశాడో చూడు. ఎవర్నీ తిట్టలేదు. ఇదిగో ఆ పుస్తకం, ఇదిగో ఈ కాగితం అని రెంటినీ పక్కపక్కన పెట్టి అచ్చు వేయించాడు. పాఠకుడి కళ్లే మిగతా పని చేశాయి. నీ దగ్గర ఉన్న విశేషణాలన్నీ పోగేసినా ఆ రెండు కాలమ్‌ల దెబ్బకి చాలవు.

మరి ఫోర్డ్ ఏమన్నాడు? అంతకు ముందే, 1921 మొదట్లో ఒక పత్రిక అడిగితే, ప్రోటోకాల్స్ గురించి తను చెప్పేది ఒక్కటేననీ, లోకంలో జరుగుతున్నదానికి అవి సరిపోతున్నాయనీ అన్నాడు. నిజమా కాదా అన్న ప్రశ్నే ఎత్తలేదు చూడు. గుట్టు రట్టయ్యాక కూడా వ్యాసాలు ఆగలేదు. విల్సన్, టాఫ్ట్ లాంటి అధ్యక్షులతో సహా 119 మంది ప్రముఖులు, యూదులు కానివాళ్లు, 1921 జనవరిలో సంతకాలు పెట్టి ఖండించారు. దానికీ ఆగలేదు. 1922 జనవరిలో ఎందుకో హఠాత్తుగా ఆపాడు, మళ్లీ 1924లో మొదలెట్టాడు.

సర్క్యులేషన్ అంకెల దగ్గర జాగ్రత్త. మొదట్లో డెబ్బై వేల చిల్లర, 1920ల మధ్యకొచ్చేసరికి తొమ్మిది లక్షల దాకా అని రాశావు. అంకెలు సరే. వెంటనే "తొమ్మిది లక్షల మంది ఆ విషాన్ని చదివారు" అని రాశావు చూడు, అది కుదరదు. ఫోర్డ్ కంపెనీ తన డీలర్లకి కార్లతో పాటు చందాల కోటా కూడా పెట్టింది. ఇన్ని కార్లు అమ్మాలి, ఇన్ని చందాలు కట్టించాలి. కోటా నిండకపోతే కొందరు డీలర్లు సొంత డబ్బు కట్టి కొనుక్కున్నవాళ్ల పేర్ల మీద వేయించారు. కారు కొన్నవాడి ఇంటికి ఆ పత్రిక అడగకుండానే వచ్చేది. ఎంతమంది విప్పి చదివారో, ఎంతమంది పొయ్యి రాజెయ్యడానికి వాడారో అంకె చెప్పదు. చదవకపోయినా అది అమెరికా మూలమూలల్లోని ఇళ్లలోకి వెళ్లిందన్నది మాత్రం నిజం. దేశమంతా పరచుకున్న కార్ల షాపుల వల, దాని మీదుగా ఒక పత్రిక. నీలాంటి ఇంజనీరు ఈ భాగం నాకన్నా బాగా రాయగలదు.

నీ వ్యాసంలో యూదులు "బాధితులు" అన్న ఒక్క మాటగానే ఉన్నారు. మనుషులుగా తీసుకురా. రబ్బీ (యూదుల మతగురువు) లియో ఫ్రాంక్లిన్ డిట్రాయిట్‌లో ఫోర్డ్‌కి ఒకప్పటి ఇరుగుపొరుగు, స్నేహితుడు. ఫోర్డ్ ఆయనకి ఏటా ఒక కొత్త కారు కానుకగా పంపేవాడు. వ్యాసాలు మొదలయ్యాక, 1920 జూన్‌లో, ఫ్రాంక్లిన్ ఆ ఏటి కారు వెనక్కి పంపించేశాడు. ఫోర్డ్ ఫోన్ చేసి, మన మధ్య ఏమైనా వచ్చిందా అని అడిగాడట, నిజంగానే అర్థం కానట్టు. నాకు ఈ కథ మొత్తంలో ఒళ్లు జలదరించేది ఈ ఫోన్ కాలే. తన స్నేహితుడు మంచి యూదుడు, పత్రికలో రాసేది 'వాళ్ల' గురించి, రెంటికీ సంబంధమేమిటన్నది ఆయన లెక్క. అటు చూస్తే ఆయన హైలాండ్ పార్క్ కర్మాగారానికీ, రూజ్ కర్మాగారానికీ ప్లాన్లు గీసిన ఆర్కిటెక్టు ఆల్బర్ట్ కాన్ రబ్బీ కొడుకు. ఫోర్డ్ రోజూ తిరిగిన గోడలు ఒక యూదుడు గీసినవి.

మూడోవాడు ఆరన్ సపీరో. లాయరు. రైతులు తమ పంట తామే కలిసి అమ్ముకునేలా సహకార సంఘాలు పెట్టించినవాడు. 1924లో పత్రిక ఇతని మీద పడింది, యూదులు రైతు సంఘాలని మింగేస్తున్నారంటూ. 1925లో సపీరో పది లక్షల డాలర్లకి పరువునష్టం దావా వేశాడు. ఇక్కడ చట్టం సంగతి వివరించాలి నువ్వు, లేకపోతే పాఠకుడికి ఇన్నేళ్లు ఎవరూ ఎందుకు కోర్టుకి లాగలేదన్న అనుమానం వస్తుంది. ఒక మనిషిని పేరు పెట్టి అబద్ధం రాస్తే దావా వేయొచ్చు, ఒక జాతి మొత్తాన్ని తిడితే వేసే వీల్లేదు. 'వాళ్లు' అన్నంత కాలం ఆ పత్రికకి చట్టం భయం లేదు. సపీరో కేసులో కూడా జడ్జి ఇది ఒక మనిషి పరువు సంగతే, జాతి సంగతి కాదనే అన్నాడు.

1927 మార్చిలో డిట్రాయిట్‌లో విచారణ. కామెరాన్ రోజుల తరబడి బోనులో నిలబడి, పత్రికలో వచ్చిందంతా నా బాధ్యతే, ఫోర్డ్‌గారు ముందుగా ఏదీ చదవలేదు, యూదుల గురించిన ఏ వ్యాసమూ నాతో మాట్లాడలేదు అని చెప్పాడు. పేరు లేకుండా రాసిన వ్యాసాలకి, అవసరం వచ్చిన రోజున, ఒక పేరు దొరికింది! రాసేవాళ్లందరం ఈ సాక్ష్యం చదవాలి. ఫోర్డ్ సాక్ష్యం చెప్పాల్సిన రోజులు దగ్గర పడుతుండగా కారు ప్రమాదం జరిగి ఆస్పత్రిలో చేరాడు. ఒక జ్యూరీ సభ్యురాలు పేపరుతో మాట్లాడిందని విచారణ రద్దయింది. మళ్లీ మొదలయ్యేలోగా ఫోర్డ్ రాజీకొచ్చాడు. ఆ జులైలో క్షమాపణ వెలువడింది. పత్రికలో ఏమొస్తోందో తనకి తెలియదనీ, తెలిసి సిగ్గుపడ్డాననీ.

ఆ క్షమాపణ రాసింది ఫోర్డ్ కాదు. అమెరికన్ జ్యూయిష్ కమిటీ అధ్యక్షుడు లూయిస్ మార్షల్ రాసిచ్చాడు, మార్చకుండా ప్రకటించారు. కింద ఉన్న సంతకం కూడా తనే చేశానని ఫోర్డ్ అనుచరుడు హ్యారీ బెనెట్ తర్వాత చెప్పుకున్నాడు. సొంత పేజీ కామెరాన్‌ది, క్షమాపణ మార్షల్‌ది, సంతకం బెనెట్‌ది. దీని మీద నువ్వు వ్యాఖ్యానం రాయకు, వరసగా పెట్టి వదిలెయ్. అదే ఏడాది ఫోర్డ్ పాత కారు మోడల్ టీ ఆగిపోయి కొత్త కారు రావాల్సి ఉందని మాత్రం గుర్తుచెయ్యి. డిసెంబరు నెలాఖరుకి పత్రిక మూసేశారు.

హిట్లర్ భాగం నీ వ్యాసంలో మరీ ఎక్కువైంది, ఒక పేరాకి దించు. ఆ వ్యాసాల్ని నాలుగు సంపుటాలుగా వేశారు, కాపీరైటు పెట్టుకోలేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. జర్మన్ అనువాదం 1920ల మొదట్లోనే వచ్చేసింది. 1922 చివర్లో మ్యూనిక్ వెళ్లిన 'న్యూయార్క్ టైమ్స్' విలేఖరి హిట్లర్ గది గోడ మీద ఫోర్డ్ పటం ఉందని రాశాడు. నాజీల యువజన సంఘం హిట్లర్ యూత్ నాయకుడు బాల్డర్ ఫాన్ షిరాఖ్, యుద్ధం తర్వాత నాజీ నాయకుల మీద జరిగిన నూరెంబర్గ్ విచారణలో, కుర్రతనంలో తనని యూదు ద్వేషిని చేసింది ఆ పుస్తకమేనన్నాడు. 1938 జులైలో, 75వ పుట్టినరోజున, ఫోర్డ్ జర్మనీ ప్రభుత్వం ఇచ్చిన పతకం అందుకున్నాడు. ఇంతే రాయి. "ఫోర్డ్ లేకపోతే హిట్లర్ లేడు" అన్న వాక్యం కొట్టేశాను, నీకు కోపం వచ్చినా సరే. అది ఎవరూ రుజువు చేయలేరు. రుజువు కాని వాక్యం ఒక్కటి దొరికితే ఫోర్డ్ భక్తులకి నీ వ్యాసం మొత్తాన్ని తోసిపుచ్చడం సులువు.

కామెరాన్ ఏమయ్యాడన్నది నువ్వు వెతకలేదు. ఏమీ కాలేదు. ఫోర్డ్ కంపెనీలోనే ఉన్నాడు. 1934 నుంచి 1942 దాకా ఆదివారం సాయంత్రం ఫోర్డ్ వాళ్ల రేడియో సంగీత కార్యక్రమం మధ్యలో ఆరేసి నిమిషాలు మంచి మాటలు చెప్పేవాడు, అమెరికా అంతా వినేది. గొంతు చాలా బాగుండేదట.

చివరి భాగానికి నీ డియర్‌బార్న్‌లోనే సరుకుంది. ఫోర్డ్ ఆ పత్రిక చేపట్టి నూరేళ్లయిన సందర్భంగా, 2019 జనవరిలో, 'డియర్‌బార్న్ హిస్టారియన్' అనే పత్రిక ఒక పెద్ద వ్యాసం అచ్చు వేసింది. అది ఆ ఊరి మున్సిపాలిటీ డబ్బుతో నడిచే త్రైమాసిక పత్రిక. మేయరు ఆ సంచికని చందాదారులకి పంపకుండా ఆపించాడు, ఎడిటర్‌ని తీసేశాడు. ఆ వ్యాసం వేరే చోట ఆన్‌లైన్లో వచ్చి, ఆ ఊరి సంచిక అందుకోవాల్సినవాళ్ల కన్నా ఎన్నో రెట్లమంది చదివారు. దీన్ని నువ్వు ఫుట్‌నోట్‌లో పడేశావు. పైకి తీసుకురా. డియర్‌బార్న్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి ఆ సంచిక దొరుకుతుందేమో అడుగు, దొరికితే చేత్తో పట్టుకుని చదివాకే రాయి.

ఫోర్డ్ చేసిన మంచి పనుల్ని నువ్వు పూర్తిగా దాచేశావు, అదొక్కటీ నాకు నచ్చలేదు. 1914లో రోజుకి అయిదు డాలర్ల కూలీ ఇచ్చినవాడు, నల్లవాళ్లకీ అంగవికలురకీ జైలు నుంచి వచ్చినవాళ్లకీ పని ఇచ్చినవాడు కూడా ఈయనే. అవి ఉన్నాయని చెప్పినంత మాత్రాన ఇవి చెల్లిపోవు. దాస్తే మాత్రం, దాచావని తెలిసిన పాఠకుడు మిగతావీ నమ్మడు.

పొడుగు పదిహేను వందల మాటలకి తగ్గించు. పిప్, కామెరాన్‌లతో మొదలుపెట్టి ఒకటి, ఎడిసన్ రైలు ప్రెస్సుతో మొదలుపెట్టి ఒకటి, రెండు ఎత్తుగడలు రాసి రెండూ పంపు, కలిసి చూద్దాం. తేదీలన్నీ ఇంకోసారి సరిచూసుకో, 1921 జనవరినీ 1922 జనవరినీ నువ్వు ఒకచోట తారుమారు చేశావు. ఈసారి పీడీఎఫ్ పంపకు, ఒత్తులన్నీ ఊడిపోయి వస్తున్నాయి. వర్డ్ ఫైలు పంపు.

మీ మాస్టారు